వీక్ టీమ్ తీసుకున్నారా? ముందు సీనియర్లని లెక్కపెట్టండి

'హూప్స్ డైనస్టీ' తెలుసుగా, ఆన్‌లైన్‌లో అమెరికన్ కాలేజ్ బాస్కెట్‌బాల్ టీమ్‌కి మనం కోచ్‌గా ఉండే గేమ్. ఓడిపోతున్న టీమ్ చేతికొస్తే అందరూ రేటింగ్స్ చూస్తారు. నేనైతే ముందు సీనియర్లు ఎంతమందో చూస్తా. ఎందుకంటే మన బీటెక్‌లాగే ఇక్కడా నాలుగేళ్లే, ఎంత తోపు ప్లేయరైనా నాలుగు సీజన్లు ఆడాక వెళ్లిపోవాల్సిందే.

టీమ్‌లో 12 మంది ఉంటారు. ఆరు ఖాళీలున్నాయని దొరికిన ఆరుగురు ఫ్రెష్‌మెన్‌ని ఒకేసారి నింపేశారనుకోండి, నాలుగేళ్లకి ఆరుగురూ ఒకేసారి బయటికి. మళ్లీ మొదటికే! అందుకే ముగ్గురు మంచోళ్లని తీసుకుని, మిగతా సీట్లు వాక్-ఆన్‌లతో నెట్టుకురండి. ఆ సీజన్ మ్యాచ్‌లు పోతాయి, పోనీండి.

ఆ ముగ్గురిలో కూడా ఇవాళ్టి రేటింగ్ కంటే పొటెన్షియల్ చూడండి. కానీ ఒకటి, బెంచ్ మీద కూర్చోబెడితే పెరగాల్సినంత పెరగరు. ప్రాక్టీస్‌లో నిమిషాలు పెట్టాలి, మ్యాచ్‌లో దింపాలి, ఓడిపోతున్నా సరే.