ఇరవై ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి

టెక్సస్ వెస్టర్న్ కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 1965–66 సీజన్‌లో 29 మ్యాచ్‌లు ఆడి 28 గెలిచింది. ఓడిన ఆ ఒక్కటీ రెండు పాయింట్ల తేడాతోనే. ఆ ఏడాది అమెరికా కాలేజీల జాతీయ టైటిల్ ఆ జట్టుదే. ఫైనల్లో కోచ్ డాన్ హాస్కిన్స్ మొదట బరిలోకి దింపిన ఐదుగురూ నల్లజాతి కుర్రాళ్లు. ఎదురుగా నిలిచిన కెంటకీ జట్టులో అందరూ తెల్లవాళ్లే. జాతీయ ఫైనల్‌ను ఒక జట్టు ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో మొదలుపెట్టడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. ఈ సీజన్ గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా ఆ ఫైనల్ దగ్గరే మొదలుపెడతారు. జట్టు అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పేవాళ్లు తక్కువ.

కాలేజీ ఉన్న ఎల్ పాసో టెక్సస్‌కు పశ్చిమ కొసన, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ఊరు. నది దాటితే మెక్సికో. 1914లో గనుల విద్య కోసం పెట్టిన బడి అది. అందుకే జట్టుకు మైనర్స్, అంటే గని కార్మికులు అని పేరు. చుట్టూ ఎడారి, ఊళ్లో మెక్సికన్ మూలాల జనం, పక్కనే ఫోర్ట్ బ్లిస్ సైనిక స్థావరం. టెక్సస్‌లోని పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు తమ జట్లలోకి నల్లజాతి విద్యార్థులను రానివ్వని రోజుల్లోనే, 1950ల మధ్యలో, ఈ కాలేజీ తలుపు తెరిచింది. పేరూ డబ్బూ లేని కాలేజీకి మంచి ఆటగాళ్లు దొరకాలంటే మిగతావాళ్లు కాదన్నవాళ్లను పిలవడం తెలివైన పని కూడా. ఆదర్శం ఎంత, అవసరం ఎంత అని తూకం వేసి చెప్పడం కష్టం.

అమెరికాలో కాలేజీ ఆటంటే మన అంతర కళాశాలల పోటీల లాంటిది కాదు. ఆటగాళ్లకు స్కాలర్‌షిప్, జీతం తీసుకునే కోచ్, టికెట్ కొనుక్కుని వచ్చే వేలాదిమంది ప్రేక్షకులు, ప్రతి వారం పత్రికల్లో ర్యాంకులు. అప్పట్లో సీజన్ చలికాలం మొదట్లో ఆరంభమై మార్చిలో ముగిసేది. చివర్లో ఎంపిక చేసిన జట్ల మధ్య నాకౌట్ టోర్నమెంట్ జరుగుతుంది. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఇప్పుడు అందులో 68 జట్లు ఆడుతున్నాయి, 1966లో 22 మాత్రమే. అప్పటి ఆట తీరూ వేరు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు అన్న నిబంధన లేదు. ఫలానా సెకన్లలోగా బుట్టకు గురిపెట్టాలన్న గడియారమూ లేదు. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని అట్టిపెట్టుకుని ఎంతసేపైనా కాలక్షేపం చేయవచ్చు. ఆ ఆటలో డిఫెన్స్‌కు, ఓపికకు విలువ ఎక్కువ.

హాస్కిన్స్‌కు తెలిసిందీ ఆ రెండే. ఓక్లహామాలో హెన్రీ ఐబా అనే కఠినమైన గురువు దగ్గర ఆడి, టెక్సస్ చిన్న ఊళ్ల హైస్కూళ్లలో కోచ్‌గా పనిచేసి, 1961లో ఎల్ పాసో వచ్చాడు. ఐబా కొడుకు మో ఐబానే తన సహాయకుడిగా పెట్టుకున్నాడు. ప్రతి ఆటగాడూ తనకు అప్పగించిన మనిషిని నీడలా వెంటాడాలి. బంతిని తొందరపడి పారేసుకోకూడదు. సాధనలో గంటల తరబడి ఇదే పాఠం. ‘ఎలుగుబంటి’ అని ఆయనకు ముద్దుపేరు. ఆ ముద్దు ఎంతవరకో, భయం ఎంతవరకో ఆయన దగ్గర ఆడినవాళ్లకే తెలియాలి.

1965 నాటికి ఆయన జట్టులో పన్నెండు మంది: ఏడుగురు నల్లజాతివాళ్లు, నలుగురు తెల్లవాళ్లు, ఎల్ పాసోకే చెందిన మెక్సికన్ మూలాల కుర్రాడు డేవిడ్ పలాసియో. ఆ ఏడుగురిలో ముగ్గురు న్యూయార్క్ బ్రాంక్స్ నుంచి వచ్చారు. వాళ్లు అంత దూరం రావడానికి కారణం హిల్టన్ వైట్. ఒకప్పుడు సైన్యంలో ఉండి ఎల్ పాసోను చూసిన ఆయన, బ్రాంక్స్‌లో వాడ పిల్లలకు ఆట నేర్పుతూ, అందులో పదునైనవాళ్లను హాస్కిన్స్ దగ్గరికి పంపేవాడు. అలా వచ్చినవాళ్లే విల్లీ వర్స్‌లీ, నెవిల్ షెడ్, విల్లీ కేజర్. ఇండియానాలోని ఉక్కు పట్టణం గ్యారీ నుంచి హ్యారీ ఫ్లర్నాయ్, ఆర్‌స్టెన్ ఆర్టిస్. హ్యూస్టన్ నుంచి డేవిడ్ లాటిన్. డెట్రాయిట్ పక్క నుంచి బాబీ జో హిల్. కేజర్‌కు గుండెలో లోపం ఉందని తేలడంతో ఒక్కసారికి కొద్ది నిమిషాలు మాత్రమే ఆడించేవారు. లాటిన్ ఎముకబలం ఉన్న భారీ మనిషి. హిల్ సన్నని గార్డు, అంటే బంతిని ముందుకు నడిపించేవాడు. బంతి అతని చేతిలో ఉంటే లాక్కోవడం ఎవరి తరమూ కాదు, ఎదుటివాడి చేతిలో ఉంటే అది అక్కడ ఎక్కువసేపు ఉండదు.

సీజన్ మొదట్లో ఈ జట్టును జాతీయ ర్యాంకుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. డిసెంబరు చివర్లో, అప్పటికి నాలుగో ర్యాంకులో ఉన్న అయోవాను 86–68 తేడాతో చిత్తు చేశాక గాని పత్రికలు ఎల్ పాసో వైపు తిరగలేదు. ఆ తర్వాత గెలుపులు వరసకట్టాయి. వాటిలో చాలావరకు చూడముచ్చటైన ఆటలేమీ కావు. ఎదుటి జట్టును ఊపిరాడనివ్వకుండా పట్టి, చివరి నిమిషాల్లో గట్టెక్కడమే వాళ్ల పద్ధతి. మార్చి మొదటి వారానికి 23 ఆడి 23 గెలిచారు. మార్చి 5న సియాటెల్‌లో ఆ వరస తెగింది: 74–72. అంతవరకు ఓటమి ఎరగని కెంటకీ కూడా అదే రోజు టెనెసీ చేతిలో ఓడిపోయింది. సియాటెల్ ఓటమే తమను నేల మీదికి దించిందని టెక్సస్ వెస్టర్న్ ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. గెలిచిన జట్లన్నీ ఇలాంటి మాటే చెబుతాయి గాని, ఇక్కడ కొంత నిజం ఉండవచ్చు.

టోర్నమెంట్ తొలి మ్యాచ్ విచిటాలో. ఓక్లహామా సిటీ మీద 89–74తో తేలిగ్గానే బయటపడ్డారు. అసలు పరీక్ష అదే వారం చివర్లో లబక్‌లో ఎదురైంది. సిన్సినాటితో మ్యాచ్‌లో షెడ్ ఎదుటివాడి మీద చెయ్యి చేసుకుని మైదానం వదలాల్సి వచ్చింది. నిర్ణీత సమయంలో స్కోరు సమం. అదనపు సమయంలో కేజర్ ఆదుకోగా 78–76తో గట్టెక్కారు. మరునాడు కాన్సస్. చాలామంది దృష్టిలో ఆ ఏడాది దేశంలోని మేటి జట్లలో అదొకటి. ఆ జట్టులో జో జో వైట్ అనే కుర్రాడు సీజన్ సగంలో చేరి అప్పుడే పేరు తెచ్చుకుంటున్నాడు. ఈ మ్యాచ్ కూడా అదనపు సమయానికి వెళ్లింది. అందులోనూ స్కోరు సమంగా ఉండగా ఆఖరి క్షణంలో వైట్ పక్క గీత దగ్గర నుంచి, చాలా దూరం నుంచి బంతి విసిరాడు. అది నేరుగా బుట్టలో పడింది. కాన్సస్ వాళ్లు ఎగిరి గంతులేశారు. కానీ రెఫరీ గీత వైపు వేలు చూపిస్తున్నాడు: బంతి వదలకముందే వైట్ మడమ గీతను తాకిందని. బుట్ట చెల్లలేదు. రెండో అదనపు సమయంలో టెక్సస్ వెస్టర్న్ 81–80తో గెలిచింది. ఆ మడమ ఒక్క అంగుళం ఇవతల ఉండి ఉంటే ఎల్ పాసో జట్టు ఆ రాత్రే ఇంటికి బస్సెక్కేది, ఈ సీజన్‌ను ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు.

చివరి నాలుగు జట్లు మేరీలాండ్ రాష్ట్రంలోని కాలేజ్ పార్క్‌కు, కోల్ ఫీల్డ్ హౌస్‌కు చేరాయి. ఒక సెమీఫైనల్ కెంటకీకి, డ్యూక్‌కు మధ్య. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు జట్లు తలపడుతున్నాయి కాబట్టి అసలు ఫైనల్ అదేనని చాలామంది అనుకున్నారు. కెంటకీ 83–79తో గెలిచింది. రెండో సెమీఫైనల్లో యూటా జట్టు ఆటగాడు జెర్రీ ఛాంబర్స్ ఒక్కడే 38 పాయింట్లు కొట్టాడు. అతన్ని ఎవరూ ఆపలేకపోతుంటే హాస్కిన్స్ జెర్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే తెల్ల కుర్రాడిని అతని మీదికి పంపాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ అతన్ని కొంతవరకు కట్టడి చేశాకే మ్యాచ్ చేతికొచ్చింది: 85–78. మరునాటి ఫైనల్లో అతనికి ఆడే అవకాశం రాలేదు. ఈ సీజన్ కథ చెప్పేటప్పుడు ఆ సాయాన్ని చాలామంది దాటేస్తారు.

1966 మార్చి 19, శనివారం రాత్రి. కెంటకీ కోచ్ అడాల్ఫ్ రప్ అప్పటికే నాలుగు జాతీయ టైటిళ్లు గెలిచిన దిగ్గజం. ఆయన ఆ ఏటి జట్టులో మొదటి ఐదుగురిలో ఎవరూ ఆరడుగుల ఐదంగుళాలు మించరు. పొట్టివాళ్లే అయినా మెరుపులా పరిగెత్తేవాళ్లు, గురి తప్పనివాళ్లు. లూయీ డాంపియర్, తర్వాతి కాలంలో ఎన్‌బీఏ కోచ్‌గా ప్రఖ్యాతి పొందిన పాట్ రైలీ అందులోనివాళ్లే. వాళ్ల వేగాన్ని ఆపడానికి హాస్కిన్స్ ఒక ఎత్తు వేశాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాల షెడ్‌ను పక్కన కూర్చోబెట్టి, ఐదడుగుల ఆరంగుళాల వర్స్‌లీని దించాడు. హిల్, ఆర్టిస్, వర్స్‌లీ, ఇలా ముగ్గురు గార్డులు. కెంటకీ బంతి తీసుకుని పరిగెత్తే దారిలోనే అడ్డుపడడం ఉద్దేశం. చరిత్రకెక్కిన ఐదుగురి కూర్పు వెనక ఉన్న లెక్క ఇదీ. తన దగ్గరున్న మేటి ఐదుగురిని దించానే తప్ప రంగు చూసి కాదని హాస్కిన్స్ చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

మ్యాచ్ తొలి నిమిషాల్లోనే లాటిన్ రైలీ మీదుగా లేచి బంతిని బుట్టలోకి బలంగా దిగ్గొట్టాడు. కొద్దిసేపటికే ఫ్లర్నాయ్ మోకాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. ఆపైన మ్యాచ్ మొగ్గు తేల్చిన ఘట్టం వచ్చింది. కెంటకీ గార్డు టామీ క్రాన్ బంతిని మైదానం మధ్యకు తెస్తుండగా హిల్ చెయ్యి చాచి దాన్ని ఎగరేసుకుపోయి ఒంటరిగా వెళ్లి బుట్టలో వేశాడు. క్షణాల్లో డాంపియర్ బంతితో వచ్చాడు. అతని చేతిలోంచీ అలాగే లాక్కుని, అలాగే వేశాడు. డాంపియర్, క్రాన్ ఇద్దరూ అనుభవం పండినవాళ్లు. వాళ్లకు అలా జరగడం ఎవరూ చూడలేదు. ఆ తర్వాత కెంటకీ ఒక దశలో ఒక్క పాయింటు దూరం దాకా వచ్చింది గాని ఆధిక్యం మాత్రం తిరిగి చిక్కలేదు. విరామానికి 34–31, చివరికి 72–65.

స్కోరు పట్టీ చూస్తే తెలుస్తుంది ఆట ఎక్కడ గెలిచారో. మామూలు బుట్టలు కెంటకీవే ఎక్కువ: 27, టెక్సస్ వెస్టర్న్‌వి 22. కానీ కెంటకీ అందుకోసం 70 సార్లు ప్రయత్నించింది, వీళ్లు 49 సార్లే. వెనకబడ్డ కెంటకీ ఫౌల్స్ చేస్తూ పోయింది. ఆ ఫౌల్స్‌కు శిక్షగా దొరికిన 34 ఫ్రీ త్రోలలో 28ని టెక్సస్ వెస్టర్న్ పాయింట్లుగా మలిచింది. కెంటకీకి వచ్చినవి 13 మాత్రమే. హిల్‌కు 20, లాటిన్‌కు 16, ఆర్టిస్‌కు 15 పాయింట్లు వచ్చాయి. ఆ రాత్రి జట్టు తరఫున ఆడినవాళ్లు ఏడుగురే, ఏడుగురూ నల్లజాతివాళ్లే. గెలిచిన జట్టు బుట్టకున్న వలను కత్తిరించుకోవడం ఆనవాయితీ. నిర్వాహకులు నిచ్చెన తేకపోవడంతో షెడ్ వర్స్‌లీని పైకెత్తి పట్టుకున్నాడు, అతను వలను కోశాడు.

మరునాటి పత్రికల్లో చాలావాటిలో రంగు ప్రస్తావనే లేదు. ఎల్ పాసోలో వేలాది జనం విమానాశ్రయానికి వచ్చి జట్టుకు స్వాగతం పలికారు. హాస్కిన్స్‌కు మాత్రం ద్వేషపు ఉత్తరాలు వెల్లువెత్తాయి. కొన్నాళ్లకు రెండో వైపు నుంచీ దెబ్బ తగిలింది. 1968లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక నల్లజాతి క్రీడాకారుల దుస్థితి మీద వరస కథనాలు వేస్తూ, వాళ్లను వాడుకుని వదిలేసే చోటుగా ఈ కాలేజీని చూపించింది. ఆటగాళ్లలో ఎక్కువమంది తర్వాత పట్టాలు పూర్తిచేసుకుని ఉద్యోగాల్లో, కుటుంబాల్లో స్థిరపడ్డారు. అయినా ఆ మచ్చ చాలాకాలం పోలేదు. ఆ టైటిల్ గెలవకపోయినా బాగుండేదని కొంతకాలం అనిపించిందని హాస్కిన్స్ చెప్పుకున్నాడు.

దక్షిణాది కాలేజీల తలుపులు ఈ ఒక్క మ్యాచ్‌తో తెరుచుకున్నాయనడం అతిశయోక్తి. 1964 పౌర హక్కుల చట్టం అప్పటికే వచ్చింది. ఫైనల్ జరిగిన హాలు మేరీలాండ్ విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వవిద్యాలయం తన కాన్ఫరెన్స్‌లో, అంటే తాను ఆడే కాలేజీల కూటమిలో, తొలి నల్లజాతి ఆటగాడిని బరిలోకి దింపింది ఆ సీజన్‌లోనే. అయితే పాత కోచ్‌ల దగ్గర మిగిలిన ఒక సాకును ఆ రాత్రి తీసేసింది: నల్లజాతి ఆటగాళ్లు ఎక్కువైతే జట్టు క్రమశిక్షణ తప్పుతుందన్న సాకు. దేశంలోకెల్లా క్రమశిక్షణతో, ఓపికతో ఆడిన జట్టు అదే మరి. కెంటకీ ఉన్న సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో 1967లో వాండర్‌బిల్ట్ తరఫున పెర్రీ వాలెస్ ఆడాడు. రప్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు టామ్ పేన్ బరిలో దిగింది 1970–71లో. ఇక లాటిన్ ఆ రాత్రి కొట్టినట్టు బంతిని పైనుంచి బుట్టలోకి దిగ్గొట్టే డంక్‌ను 1967లో కాలేజీ ఆటలో నిషేధించి, 1976 దాకా ఎత్తివేయలేదు.

2006లో వచ్చిన ‘గ్లోరీ రోడ్’ సినిమా ఈ కథను ప్రపంచానికి చెప్పింది, కొంత మార్చి చెప్పింది. అందులో హాస్కిన్స్ కొత్తగా వచ్చి ఒకే ఏడాదిలో జట్టును కట్టి గెలిచేస్తాడు. నిజానికి అది ఆయన ఐదో సీజన్. అంతకుముందే జిమ్ బార్న్స్ లాంటి నల్లజాతి ఆటగాళ్లతో ఆయన జట్టు 1963లో, 1964లో జాతీయ టోర్నమెంట్ ఆడింది. కాలేజీ 1967లో పేరు మార్చుకుని ఎల్ పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయమైంది. హాస్కిన్స్ అక్కడే 1999 వరకు పనిచేసి 719 విజయాలతో విరమించాడు, కానీ చివరి నాలుగు జట్లలోకి మళ్లీ ఎప్పుడూ చేరలేదు. హిల్ 2002లో, హాస్కిన్స్ 2008లో కన్నుమూశారు. జట్టు మొత్తానికి 2007లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. టెక్సస్ రాష్ట్రానికి పురుషుల జాతీయ టైటిల్ రెండోసారి రావడానికి 2021లో బేలర్ గెలిచేదాకా పట్టింది.