‘ట్వైలైట్’ నవలయు, యువపాఠకులును

అమెరికా రచయిత్రి స్టెఫెనీ మేయర్ 2005వ సంవత్సరమున ‘ట్వైలైట్’ అను నవలను ప్రకటించెను. 2008 నాటికి ఆ కథ నాలుగు సంపుటములయ్యెను. పదునేడేండ్ల బెల్లా, ఎండలు కాయు ఫీనిక్సు నగరమును వీడి, తఱచు వానలు గురియు ఫోర్క్స్ అను చిన్న యూరి పాఠశాలలో చేరును. అచట నామె ప్రేమించిన ఎడ్వర్డు మానవుడు గాడు, రక్తపిశాచి. అయినను అతని కుటుంబము మనుష్యులను చంపక మృగరక్తముతోనే జీవించును.

ఇట్టి కథ బాలబాలికల నేల యాకర్షించెను? భయము వలన గాదని మా తలంపు. క్రొత్త బడిలో ఒంటరియైన బాలికను ఒకరు ప్రత్యేకముగ గుర్తించుట, బలవంతుడు తన దప్పిని తానే నిగ్రహించుకొనుట: ఈ రెండును యౌవనారంభమున హృదయము కోరునవే. ఇంటి భాష యొకటి, వీథి భాష వేఱొకటియైన మన పిల్లలకు ఆ యొంటరితనము సుపరిచితమే.

కాని బెల్లా నిద్రించుచుండగా ఎడ్వర్డు ఆమె యెఱుగకయే గదిలోనికి వచ్చి చూచుచుండును. కథలో నిది ప్రేమగా దోచును. జీవితమున నిది ప్రేమ గాదు. తల్లిదండ్రులారా, పుస్తకమును లాగికొనవలదు. మీరును చదివి, ఈ భేదమును గూర్చి పిల్లలతో ముచ్చటింపుడు.