తల వంచిన టొమాటో

కుండీలో టొమాటో మొక్కను పెంచేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వింత ఎదురవుతుంది. నాలుగు రోజులు ముసురు పడుతుంది. కుండీ అడుగున ఉన్న చిల్లి మట్టితో పూడిపోయి, నీరు కదలక నిలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆకులన్నీ నేలచూపులు చూస్తాయి. "అయ్యో, మొక్క వాడిపోయింది!" అని పిల్లలు పరిగెత్తిపోయి మరో చెంబెడు నీళ్ళు పోస్తారు. దానితో మొక్క ప్రాణం మీదికి వస్తుంది.

నిజానికి ఆ మొక్క వాడలేదు. కావాలంటే ఆకు కాడను వేళ్ళతో పట్టుకు చూడండి. వాడిన కాడ మెత్తగా వేలాడుతుంది. ఈ కాడ అలా కాదు, బిర్రుగా ఉంటుంది. అది వంగి పెరిగింది!

జోడెద్దుల బండిలో వలపటి ఎద్దు ముందుకు సాగి, దాపటి ఎద్దు వెనకబడితే, బండి దాపటి వైపుకు తిరుగుతుంది. ఆకు కాడలో జరిగేదీ అంతే. కాడ పైభాగంలో ఉన్న కణాలు ఎక్కువ సాగి, అడుగున ఉన్నవి అంతగా సాగకపోతే, కాడ కిందికి వంగక తప్పదు. అత్తిపత్తి ఆకు ముట్టుకోగానే ముడుచుకోవటం వేరు. అక్కడ కొన్ని కణాలలో నుంచి నీరు బయటికి పోతుంది, కాసేపటికి మళ్ళీ వచ్చి చేరుతుంది. ఇక్కడ జరిగినది పెరుగుదల. సాగిన కణం తిరిగి పొట్టిది కాదు.

మరి పై కణాలను సాగమన్నది ఎవరు? ఎథిలీన్ అనే వాయువు. మొక్కల పెరుగుదలను నడిపే పదార్థాలను హార్మోనులు అంటారు. ఎథిలీన్ వాటిలో ఒకటి.

దీని సంగతి రష్యాలో బయటపడింది. సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక ప్రయోగశాలలో ఆ రోజుల్లో గ్యాసు దీపాలు ఉండేవి. నెల్యుబోవ్ అనే యువకుడు అక్కడ చీకటిలో బఠాణీ మొలకలు పెంచితే, అవి నిటారుగా లేవక పక్కకు పాకాయి. బయటి గాలిలో మాత్రం సరిగానే పెరిగాయి. దీపాల గ్యాసులో ఉండే ఎథిలీనే ఇందుకు కారణమని ఆయన 1901లో ప్రకటించాడు.

ఐతే, మన కుండీలో మునిగినవి వేళ్ళు, వంగినవి ఆకులు. కబురు పైకి ఎలా పోయింది? వేళ్ళకూ ఊపిరి కావాలి. మట్టి సందుల్లో గాలికి బదులు నీరు నిండితే వాటికి ఆక్సిజన్ అందదు. ఎథిలీన్ తయారీలో ఆఖరు మెట్టు ఆక్సిజన్ లేనిదే జరగదు. అందుచేత సగం తయారైన సరుకు వేళ్ళలో పోగుపడి, నీటితోపాటు కాండం గుండా పైకి పోతుంది. ఆకుల దగ్గర గాలికి కొదవ లేదు గదా, అక్కడ అది ఎథిలీన్‌గా మారుతుంది! 1980లో కాలిఫోర్నియాలో బ్రాడ్‌ఫర్డ్, యాంగ్ అనే శాస్త్రజ్ఞులు, నీరు నిలిచిన టొమాటో మొక్కల రసంలో ఈ సరుకును పట్టుకున్నారు. కూరగాయల మొక్కలో ఇంత ఏర్పాటు ఉన్నదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వంగిన ఆకు మీద ఎండ తక్కువ పడుతుంది, నీరు తక్కువగా ఆవిరవుతుంది. ఉక్కిరిబిక్కిరి అయిన వేళ్ళు నీటిని సరిగా పీల్చలేవు గనక ఆ పొదుపు మొక్కకు అవసరమే.

పండిన యాపిల్ పళ్ళనుంచి కూడా ఎథిలీన్ వస్తుంది. పెద్దవాళ్ళ సాయంతో రెండు చిన్న టొమాటో కుండీలకు పెద్ద పాలిథిన్ సంచులు తొడిగించండి. ఒకదానిలో రెండు యాపిల్ పళ్ళు పెట్టి, మూతులు కట్టి నీడలో ఉంచండి. మర్నాడు రెండు మొక్కల ఆకులనూ పోల్చి చూడండి.

నీట మునిగిన కుండీ సంగతంటారా? చిల్లిలో పుల్ల పెట్టి పొడిచి నీరు పోనివ్వండి, మట్టి కాస్త ఆరేదాకా మళ్ళీ నీళ్ళు పోయకండి. పాత ఆకులు వంగినట్టే ఉండిపోవచ్చు. కొసన వచ్చే కొత్త ఆకులను కనిపెట్టి ఉండండి.