అరలు దాటిన అద్దకం

విశ్వాసం, సంస్కృతి, విద్య, రూపకల్పన కలిసే చోట పూర్వ పరిశోధనల సమీక్ష ఎంత పని చేయగలదో కలంకారీ వస్త్రంపై మూడు శతాబ్దాలకు పైగా పేరుకున్న రచనలు చూపుతున్నాయి.

విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో ‘పూర్వ పరిశోధనల సమీక్ష’ అనే అధ్యాయం దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. ఎంచుకున్న విషయంపై అంతకుముందు ఎవరెవరు ఏమేమి రాశారో సేకరించి, ఏ ఆధారంతో రాశారో పరిశీలించి, ఎక్కడ ఏకీభవించారో ఎక్కడ విభేదించారో తేల్చి, ఇంకా అడగవలసిన ప్రశ్నలేమిటో నిర్ణయించడం ఆ అధ్యాయం బాధ్యత. ఆచరణలో మాత్రం అది చాలాచోట్ల పేర్ల జాబితాగా మిగులుతోంది. ఫలానా సంవత్సరంలో ఒకరు ఇలా అన్నారని, మరికొన్నేళ్ళకు ఇంకొకరు అలా అన్నారని వరుసపెట్టి, ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న బంధాన్ని గానీ వైరుధ్యాన్ని గానీ విప్పకుండానే పరిశోధకులు తమ సొంత అధ్యాయాలకు సాగిపోతున్నారు. ఒక శాస్త్రం సరిహద్దుల్లో ఇమిడే విషయమైతే ఈ లోపం వల్ల కలిగే నష్టం కొంత తక్కువే. మతవిశ్వాసం, సంస్కృతి, బోధన, రూపకల్పన ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన విషయమైతే, ఆ రచనలన్నింటినీ కలిపి చదవడమే అసలైన పరిశోధన అవుతుంది కనుక నష్టం చాలా పెద్దది.

భారతీయ శాస్త్ర సంప్రదాయానికి ఈ పద్ధతి కొత్తది కాదు. తన వాదాన్ని స్థాపించే ముందు ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా నిలిపి, దాని బలాన్ని దాని మాటల్లోనే చెప్పి, ఆ తరువాతే సిద్ధాంతానికి రావాలన్నది భాష్యకారులు పాటించిన నియమం. 14వ శతాబ్దంలో, విజయనగర కాలంలో, మాధవాచార్యుని పేరిట వెలువడిన ‘సర్వదర్శన సంగ్రహం’ పదహారు దర్శనాలను ఒక్కొక్కటిగా పరిచయం చేస్తుంది. వేదాన్ని ఒప్పుకోని చార్వాకులతోనే ఆ గ్రంథం మొదలవుతుంది. చార్వాకుల మూలగ్రంథాలు నేడు మనకు దక్కలేదు, వారి ఆలోచన గురించి తెలిసినదంతా చాలావరకు ఇలాంటి ప్రత్యర్థుల రచనల ద్వారా అందినదే. సమీక్ష ఒక ఆలోచనను కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడగలదని, అదే సమయంలో సమీక్షకుని అభిప్రాయపు నీడ దానిపై శాశ్వతంగా పడిపోగలదని ఈ ఒక్క గ్రంథం నిరూపిస్తోంది. విశ్వాసాలను అధ్యయనం చేసేవారు ఈ రెండింటినీ ఏకకాలంలో గుర్తుంచుకోవాలి.

ఆధునిక కాలంలో సమీక్షకు ప్రత్యేక పద్ధతులు ఏర్పడినది ప్రధానంగా వైద్యం, విద్య రంగాల్లో. అనేక అధ్యయనాల గణాంక ఫలితాలను కలిపి విశ్లేషించే పద్ధతికి 1976లో అమెరికన్ విద్యా పరిశోధకుడు జీన్ గ్లాస్ ‘మెటా ఎనాలిసిస్’ అని పేరు పెట్టాడు. వైద్య చికిత్సలపై క్రమబద్ధ సమీక్షలు, అంటే ఏ రచనలను ఎక్కడ వెదికారో, దేన్ని ఎందుకు తీసుకున్నారో, దేన్ని ఎందుకు వదిలారో ముందే ప్రకటించిన నియమాల ప్రకారం చేసే సమీక్షలు, వెలువరించడానికి 1993లో కాక్రేన్ సంస్థ ఏర్పడింది. విద్య, సామాజిక సంక్షేమ రంగాల కోసం 2000లో క్యాంప్‌బెల్ సంస్థ వచ్చింది. ఒక మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు ఈ పద్ధతి గట్టి జవాబు ఇవ్వగలదు గానీ, ఒక గుడి తెరపై గీసిన బొమ్మ భక్తునికి ఏమవుతుంది అన్న ప్రశ్నను సంఖ్యల్లోకి మార్చడం కుదరదు. గణాంక పద్ధతికి ఉన్న ఈ లోటును గుర్తించిన పరిశోధకులు జార్జ్ నాబ్లిట్, డ్వైట్ హేర్ కాక్రేన్ సంస్థకు ముందే, 1988లో మెటా ఎథ్నోగ్రఫీ అనే మార్గాన్ని ప్రతిపాదించారు. జనజీవనాన్ని దగ్గరగా చూసి రాసిన అధ్యయనాలను ఒకదాని భావనల్లోంచి మరొకదాన్ని చదవడం, అవి పరస్పరం బలపరచుకుంటున్నాయా, ఖండించుకుంటున్నాయా, లేక కలిసి ఏ ఒక్కదానిలోనూ లేని కొత్త వాదానికి దారితీస్తున్నాయా అని చూడడం దాని సారాంశం. అమెరికా బడుల్లో జాతి వివక్ష తొలగింపుపై వచ్చిన అధ్యయనాలను కూడగట్టే ప్రయత్నంలో ఈ ఆలోచన రూపుదిద్దుకుందన్నది గమనార్హం.

ఒకే వస్త్రం, వేర్వేరు అరలు

ఈ పద్ధతులకు తెలుగు నేల మీద కలంకారీని మించిన పరీక్ష దొరకడం కష్టం. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పని, మచిలీపట్నం, పెడనలలో చెక్క అచ్చులతో అద్దే పని అని దీనికి రెండు ధారలున్నాయి. కరక్కాయ రసం, పాలు కలిపిన ద్రవంలో బట్టను తడిపి ఆరబెట్టడం, చింతపుల్లల బొగ్గుతో గీతలు గీయడం, ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టి నలుపు తీయడం, పటిక అద్దిన చోట మాత్రమే చిరివేరు అనే మొక్క ఇచ్చే ఎరుపు పట్టేలా చేయడం, మధ్యమధ్య పారే నీటిలో ఉతకడం ఈ పనిలోని ముఖ్య దశలు. పటిక బట్టకూ రంగుకూ మధ్య బంధం కలుపుతుంది కనుక అది తగలని చోట ఎరుపు నిలవదు. ఈ సూక్ష్మం తెలిసిన కోరమాండల్ తీరపు రంగరుల బట్టలు 17వ శతాబ్దంలో యూరప్ మార్కెట్లను ముంచెత్తాయి. తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో ఈ బట్టలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించింది.

వీటి గురించి రాసినవారు ఒకరితో ఒకరికి పొంతన లేనివారు. డచ్ ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో ప్రచురించిన కోరమాండల్ చరిత్రలో బట్టలపై చిత్రించే పనిని వర్ణించాడు. 1734 ప్రాంతంలో ఫ్రెంచ్ నౌకాధికారి ఆంత్వాన్ ద బోల్యూ పుదుచ్చేరిలో ఈ పనిని దగ్గరుండి గమనించి, దశలవారీగా బట్ట ముక్కలను జతచేసిన రాతప్రతిని తయారుచేశాడు. తెలుగు బాగా నేర్చిన జెస్యూట్ మతగురువు కేర్దూ 1742లో రాసిన లేఖలో ఇదే విధానాన్ని మరింత వివరంగా నమోదు చేశాడు. క్రైస్తవంలోకి కొత్తగా మారిన రంగరులను అడిగి ఆయన ఆ వివరాలు రాబట్టాడు. సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ చిరివేరు మొక్కను 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో చిత్రంతో సహా చేర్చాడు. మద్రాసు కళాపాఠశాలకు అధిపతిగా ఉన్న హాడవే 1917లో, ఇంగ్లండ్ అద్దకపు పారిశ్రామికవేత్త బేకర్ 1921లో తమ గ్రంథాలు వెలువరించారు. జాన్ ఇర్విన్, క్యాథరిన్ బ్రెట్ 1970లో లండన్, టొరాంటో మ్యూజియంల సేకరణల ఆధారంగా ఈ బట్టల పుట్టుకను చర్చించారు.

విడివిడిగా చదివితే వీటిలో ప్రతి ఒక్కటీ నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కలిపి చదివినప్పుడే అవి అడిగిన ప్రశ్నల మధ్య తేడా బయటపడుతుంది. మతగురువు లేఖ స్వదేశపు పరిశ్రమకు పనికొచ్చే రహస్యం కోసం రాసినది, వృక్షశాస్త్రవేత్త వర్ణన ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి లాభించే మొక్క కోసం రాసినది, మ్యూజియం పండితుల గ్రంథం ఏ నమూనా ఎక్కడ పుట్టిందన్న వివాదాన్ని తేల్చడానికి రాసినది. బట్టను గీసిన చేతులు తమ పనిని ఏమని అర్థం చేసుకున్నాయన్నది వీటిలో ఎవరికీ కేంద్ర ప్రశ్న కాలేదు. కేర్దూకు రంగుల రహస్యం చెప్పిన రంగరుల పేర్లు చరిత్రకు అందలేదు, వారి జ్ఞానం మాత్రం ఆయన పేరిట యూరప్‌లో వ్యాపించింది. మూలాల యోగ్యతను తూచడం అంటే తప్పొప్పుల పరీక్ష ఒక్కటే కాదని, ఎవరి అవసరం ఏ వాక్యాన్ని రాయించిందో గుర్తించడం కూడా అందులో భాగమేనని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

విశ్వాసం విషయంలో ఈ కలిపి చదవడం మరింత గొప్ప ఫలితాన్నిస్తుంది. శ్రీకాళహస్తి పనిని హిందూ దేవాలయ కళగా, రామాయణ భారత కథలను పలకలు పలకలుగా చెప్పే తెరలుగా చదవడం అలవాటు. అయితే మచిలీపట్నం తీరంలోనే పర్షియా మార్కెట్ కోసం మిహ్రాబ్ ఆకారపు, అంటే మసీదులో ప్రార్థన దిశను సూచించే గూడు ఆకారపు, ప్రార్థనా వస్త్రాలు తయారయ్యాయి. 18వ శతాబ్దంలో మద్రాసులో స్థిరపడిన ఆర్మేనియన్ వర్తకుల ద్వారా వారి చర్చిల బలిపీఠాల ముందు వేలాడే తెరలు ఈ తీరం నుంచే వెళ్ళాయి. ఇండోనేషియాలోని సులవేసి ద్వీపపు టొరాజా ప్రజలు భారతదేశం నుంచి వచ్చిన అద్దకపు బట్టలను తరతరాలుగా పవిత్ర వస్తువులుగా దాచుకుని క్రతువుల్లో వాడుతూ వచ్చారు. ఇన్ని విశ్వాసాలకు వస్త్రం అందించిన తీరాన్ని ఒకే మతకళకు పరిమితం చేసి చూడడం సరైనది కాదు. అయినా గ్రంథాలయాల్లో ఆలయ తెరలపై రచనలు ఆలయ కళల అరలో, ప్రార్థనా వస్త్రాలపైవి ఇస్లామిక్ కళల అరలో, చర్చి తెరలపైవి తూర్పు క్రైస్తవ అధ్యయనాల్లో, టొరాజా బట్టలపైవి మానవశాస్త్రంలో ఉంటాయి. ఆ అరలన్నీ తిరిగి, ఒకే రంగరి పని నాలుగు రకాల పవిత్రతలకు ఎలా ఒదిగిందన్న ప్రశ్నను నిర్మించగలిగేది సమీక్షకుడే.

వెదకడంలోనే మరో చిక్కు ఉంది. ఆంగ్లేయులు చింట్జ్ అని, డచ్చివారు సిట్స్ అని, పోర్చుగీసువారు పింటాడో అని, ఫ్రెంచివారు ఇండియెన్ అని రాసినవన్నీ ఈ తీరపు బట్టలనూ కలుపుకున్నవే కనుక, కంప్యూటర్‌లో కలంకారీ అనే ఒక్క మాటతో వెదికినవారికి దొరికేది చిన్న భాగమే. క్రమబద్ధ సమీక్షలు వెదికిన పదాలను, భాషలను బహిరంగంగా ప్రకటించమనేది ఇందుకే. ఇంగ్లిష్‌లో మాత్రమే వెదికామని నిజాయితీగా రాసుకున్న సమీక్షను పాఠకుడు ఆ మేరకే నమ్ముతాడు, రాసుకోని సమీక్షను ఎక్కువగా నమ్మి మోసపోతాడు.

నేర్పడం, రూపుదిద్దడం

స్వాతంత్ర్యానంతరం కలంకారీ విద్య అంతరించే దశలో ఉన్నప్పుడు కమలాదేవి చట్టోపాధ్యాయ్ నాయకత్వంలోని అఖిల భారత హస్తకళల బోర్డు చొరవతో 1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఆ ఊరి చిత్రకారుడు, రచయిత జొన్నలగడ్డ గురప్పశెట్టి 2008లో పద్మశ్రీ అందుకోవడం వరకు సాగిన ఈ పునరుద్ధరణను సాధారణంగా హస్తకళల అభివృద్ధి కథగా చెబుతారు. అది విద్యాచరిత్ర కూడా. ఇంట్లో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునే పని, నిర్ణీత కాలంలో భృతితో నేర్పే తరగతిగా మారినప్పుడు ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది విద్యా పరిశోధన అడగవలసిన ప్రశ్న. ఇక్కడ పని నేర్చుకునే తీరుపై జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ప్రచురించిన అధ్యయనం అక్కరకొస్తుంది. పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్ళు గుండీలు కుట్టడం వంటి చివరి పనులతో మొదలుపెట్టి, తప్పు జరిగితే ఎక్కువ నష్టం తెచ్చే కత్తిరింపు పనికి ఆఖరున వచ్చేవారని, ఆ క్రమమే వారికి దుస్తు మొత్తం స్వరూపాన్ని నేర్పిందని అందులో చూపారు. ఆ అధ్యయనాన్ని పక్కన పెట్టుకుని చదివిన సమీక్షకునికి శిక్షణ కేంద్రం నివేదికల్లో కొత్త ప్రశ్న కనిపిస్తుంది. విద్యార్థి చేతికి మొదట అందింది ఉతకడమా, రంగు నింపడమా, లేక గీత గీసే కలమా? ఇంటిలో ఏ క్రమంలో నేర్చుకునేవారు, కేంద్రంలో ఆ క్రమం తలకిందులైందా?

రూపకల్పన విషయానికి వస్తే, 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక చెంబు వంటి నిత్యవాడుక వస్తువును తరాల వివేచనతో రూపుదిద్దుకున్నదిగా ప్రశంసించి, 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడడానికి ప్రేరణగా నిలిచింది. ఆ నివేదిక నుంచి నేర్చుకోదగిన ముఖ్య విషయం, రూపకల్పన రంగంలో వస్తువు కూడా చదవదగిన రచనే అన్నది. బోల్యూ జతచేసిన బట్ట ముక్కలు అక్షరాలలో లేని సమాచారాన్ని దాచుకున్నాయి, వాటిని పక్కకు పెట్టి పుటలను మాత్రమే సమీక్షిస్తే సగం ఆధారం వదిలేసినట్టే. డిజైన్ విద్యార్థులు పాత నమూనాలను బొమ్మల పుస్తకంగా తిరగేసి ఒక లతనో నెమలినో తీసుకోవడంతో సరిపెట్టుకుంటున్న కాలంలో, ఆ లత ఏ మార్కెట్ కోసం, ఏ ప్రార్థన కోసం, ఏ రంగు పట్టే గుణాన్ని బట్టి ఆ వంపు తిరిగిందో చెప్పగల సమీక్షల అవసరం చాలా ఉంది.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ మరొకరికి లేని వీలుంది. శ్రీకాళహస్తి వస్త్రాలపై పలకల అంచుల్లో కథా సందర్భాన్ని చెప్పే వాక్యాలు తెలుగు లిపిలో ఉంటాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు రామాయణ వస్త్రం వంటివి వీటికి ఉదాహరణ. పాత కాలపు రంగరుల పక్షాన మాట్లాడే రచన ఏదైనా ఉందంటే అది ఈ రాతే. ఏ మ్యూజియంలోని వస్త్రంపై ఏ వాక్యం ఉందో సంపుటీకరించి, దాన్ని తెలుగులో ప్రచారంలో ఉన్న రామాయణాలతో, తోలుబొమ్మలాట పాఠాలతో పోల్చి, అక్షరదోషాలను సైతం సరిదిద్దకుండా నమోదు చేస్తే, చిత్రకారులు చదివి గీశారా, విని గీశారా అన్నది తేలడానికి దారి ఏర్పడుతుంది. కథ చెప్పే కళను గీసేవారు ఎలా నేర్చుకున్నారన్న విద్యాప్రశ్నకూ, ఏ సంప్రదాయపు రామాయణం గుడికి చేరిందన్న విశ్వాస ప్రశ్నకూ ఆధారం ఆ అంచుల్లోనే ఉంది. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఒకచోట చేర్చే శోధ్‌గంగ భాండాగారంలో తెలుగులో రాసిన గ్రంథాలూ లభిస్తున్నాయి కనుక, జానపద కళలపై, రామాయణ సాహిత్యంపై తెలుగు శాఖల్లో జరిగిన పనిని ఇంగ్లిష్ వస్త్ర చరిత్రతో జతపరచడం నేటి విద్యార్థికి సాధ్యమే. ఆ సమీక్షను మొదలుపెట్టేవారు పెట్టుకోవలసిన తొలి పట్టికలో మ్యూజియం పేరు, వస్త్రం సంఖ్య, అంచులోని తెలుగు వాక్యం, అది కలిసే గ్రంథం అనే నాలుగు గడులు ఉండాలి. ఎన్ని వాక్యాలకు నాలుగో గడి ఖాళీగా మిగులుతుందో చూసిన తరువాతే తదుపరి ప్రశ్న రూపం తీసుకుంటుంది.