పాట వినడానికి టీవీ ఎందుకు?

ట్రే లోపలికి వెళ్లింది. ప్లేయర్ ముందు పలక మీద ‘గ్రూప్ 1’ అని వెలిగింది. పాట మాత్రం రాలేదు. అయిదు సెకన్లు, పది సెకన్లు. కుర్చీలో సర్దుకుని కూర్చున్న మనిషి లేచి టీవీ వెయ్యాల్సి వచ్చింది. తెర మీద ఆల్బమ్ అట్ట బొమ్మ, దాని కింద స్టీరియో, సరౌండ్, ఫొటోలు, ఇంటర్వ్యూ అని నాలుగు మాటలు. రిమోట్ బాణాలు నొక్కుకుంటూ వెళ్లి ‘స్టీరియో’ మీద వాలితే గానీ గిటార్ మోగలేదు. 2000 తర్వాత అమెరికాలో, యూరప్‌లో డీవీడీ-ఆడియో డిస్కులు కొన్న చాలామందికి ఇది అనుభవమే. చెవుల కోసం డబ్బు పోస్తే కళ్లకు పని పెట్టారని వాళ్ల గొణుగుడు.

ఆ డిస్కుల గొప్పేమిటో ముందు చెప్పుకోవాలి. 1982లో వచ్చిన సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతను 16 బిట్లలో రాసుకుంటుంది. డీవీడీ-ఆడియో ఆ లెక్కను 1,92,000 సార్లకు, 24 బిట్లకు పెంచింది. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన సూపర్ ఆడియో సీడీ దారే వేరు: ఒక్క బిట్టే, కానీ సెకనుకు 28 లక్షల సార్లకు పైగా. ఈ తేడా చెవికి తెలుస్తుందా లేదా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. ఎవరి చెవికైనా ఇట్టే అందే తేడా ఒకటుంది. ఈ డిస్కుల్లో చాలావాటిలో ఆరు స్పీకర్ల సరౌండ్ ధ్వని ఉంటుంది. వెనక నుంచి కోరస్ వినిపిస్తే దాన్ని పట్టుకోవడానికి బంగారు చెవులు అక్కర్లేదు.

మరి బొమ్మలు ఎలా దూరాయి? డీవీడీ-ఆడియో డిస్కును కంప్యూటర్‌లో పెట్టి చూస్తే రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి: ఆడియో టీఎస్, వీడియో టీఎస్. మొదటిదాన్ని ప్రత్యేకమైన ప్లేయర్లే చదవగలవు. ఇంట్లో ఉన్న మామూలు డీవీడీ ప్లేయర్‌లోనూ డిస్కు పలకాలి కాబట్టి రెండోదాంట్లో ధ్వనిని డాల్బీ డిజిటల్ పద్ధతిలో కుదించి పెట్టారు. వీడియో కోసం ఒక గది ఎలాగూ కట్టారు, ఖాళీగా ఎందుకుంచాలి? పాత ప్రచార వీడియోలు, ఫొటోలు, పాటల సాహిత్యం అందులోకి చేరాయి. సూపర్ ఆడియో సీడీ ఈ గొడవ పెట్టుకోలేదు. 2002లో వచ్చిన రోలింగ్ స్టోన్స్ పాత ఆల్బమ్‌లు, 2003లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మామూలు సీడీ ప్లేయర్‌లోనూ పాడే హైబ్రిడ్ డిస్కులు. పెట్టి నొక్కితే పాట, అంతే.

వీడియో వద్దనేవాళ్లు చూపించే మొదటి కారణం చోటు. ఆ రోజుల్లో అది నిజమే. 24 బిట్లు, 1,92,000 శాంపిళ్ల (కొలతల) లెక్కన స్టీరియోకే సెకనుకు 92 లక్షల బిట్లు కావాలి. 74 నిమిషాల సంగీతం అలా నింపితే అయిదు గిగాబైట్లు దాటుతుంది. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7. ఆరు ఛానెళ్లకు 96,000 శాంపిళ్లంటే సెకనుకు కోటీ 38 లక్షల బిట్లు. డీవీడీ-ఆడియోకి పెట్టిన పరిమితి 96 లక్షలు. అందుకే మెరిడియన్ కంపెనీ తయారుచేసిన ఎంఎల్‌పీ అనే పద్ధతిలో, ఒక్క బిట్టూ పోకుండా మడత పెట్టి సర్దారు. అంత ఇరుకులో అరగంట ఇంటర్వ్యూ కూడా పెట్టడమంటే పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమే.

బ్లూ-రే వచ్చాక ఈ వాదన నీరుగారిపోయింది. ఒక పొరలో 25 గిగాబైట్లు, రెండు పొరల్లో 50. నలభై నిమిషాల ఆల్బమ్‌ను రెండు మూడు రూపాల్లో పెట్టి, పక్కన ఒక సినిమా పెట్టినా ఇంకా మిగులుతుంది. వీడియో సర్క్యూట్ల వల్ల ధ్వని చెడుతుందన్న భయం ఉన్నవాళ్ల కోసం కొన్ని ప్లేయర్ల మీద బొమ్మను పూర్తిగా ఆపేసే మీట కూడా ఉంది. డిస్కులో పడున్న వీడియో, దాన్ని ఆడించనంత వరకు, పాటను ఏమీ చెయ్యదు.

ఈ కథలో రెంటికీ చెడ్డ రేవడి డ్యూయల్‌డిస్క్. 2005లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది. ఒక వైపు సీడీ, తిప్పితే డీవీడీ. మామూలు సీడీలో లేజర్ కిరణం 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటి సమాచారాన్ని చేరుతుంది. ఇక్కడ రెండు వైపులూ ఒకదానికొకటి అతికించాల్సి రావడంతో సీడీ వైపు 0.9 మిల్లీమీటర్లే మిగిలింది. ప్రమాణానికి సరిపోలేదు కాబట్టి దాని మీద సీడీ ముద్ర వెయ్యడానికి వీల్లేకపోయింది, కొన్ని ప్లేయర్లలో అది పాడనూ లేదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘డెవిల్స్ అండ్ డస్ట్’ అమెరికాలో ఇలాగే వచ్చింది. డీవీడీ వైపు ఆయన ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడిన వీడియోలున్నాయి. అవి బాగుంటాయి, సందేహం లేదు. కానీ వాటి కోసం సీడీ సరిగా పాడుతుందో లేదో తెలియని డిస్కు కొనాల్సి వచ్చింది.

అలాగని వీడియోలన్నీ దండగని తేల్చెయ్యడం కుదరదు. 2009 నుంచి కింగ్ క్రిమ్సన్ ఆల్బమ్‌లను స్టీవెన్ విల్సన్ మళ్లీ మిక్స్ చేశాడు. వాటిలో మొదటి ఆల్బమ్ డీవీడీలో, 1969లో లండన్ హైడ్ పార్క్‌లో బృందం వాయించినప్పటి ఫిల్ము ముక్క ఉంది. నలుపు తెలుపు, అరిగిపోయిన ధ్వని. అయినా ఆ వేదిక మీద ఆ కుర్రాళ్లను చూశాక స్టూడియో రికార్డు మరోలా వినిపిస్తుంది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా 2014లో సొంత లేబుల్ పెట్టి, షూమాన్ సింఫనీలతో మొదలుపెట్టింది. సీడీలతో పాటు ఇచ్చిన బ్లూ-రేలో ధ్వనికి ధ్వని, కచేరీ వీడియోకి వీడియో ఉన్నాయి. ఏ వాద్యం ఎప్పుడు అందుకుందో చూడాలనుకునే శ్రోతకు అది అదనపు సరుకు కాదు, అదే కచేరీ.

అసలు చిక్కు తలుపు దగ్గరే. పాట దగ్గరికి వెళ్లడానికి మెనూ దాటి తీరాలంటే విసుగు రాదా? నార్వేలోని 2ఎల్ అనే చిన్న కంపెనీ 2008లో ట్రాన్‌హైమ్ సోలోయిస్ట్స్ వాయించిన ‘డివర్టిమెంటి’ని బ్లూ-రే ఆడియోగా తెచ్చింది. ఆ తరహా డిస్కులకు టీవీ అవసరం లేదు. రిమోట్ మీద ఉండే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం మీటలతోనే స్టీరియో కావాలా సరౌండ్ కావాలా ఎంచుకోవచ్చు. ఇంత చిన్న ఏర్పాటు డీవీడీ రోజుల్లోనే చేసి ఉంటే ఆ గొణుగుళ్లలో సగం వినిపించేవి కావు.

పైగా వీడియో ఊరికే రాదు. పాటను బొమ్మతో జత చెయ్యడానికి పాట హక్కుదారుల నుంచి వేరే అనుమతి తీసుకోవాలి, దానికి వేరే రుసుము కట్టాలి. పెద్ద పెట్టెలకు అది చెల్లుబాటవుతుంది. ‘డార్క్ సైడ్’ 2011 ఇమ్మర్షన్ పెట్టెలో ఆరు డిస్కులతో పాటు కండువా, గోళీలు కూడా పెట్టారు. ఆ ఖర్చులో వీడియో ఖర్చు కలిసిపోతుంది. ఒక్క ఆల్బమ్, ఒక్క డిస్కు మాత్రమే కావాలనుకునే శ్రోతకు మాత్రం అనవసరపు భారం.

చిత్రమేమిటంటే, యూట్యూబులో ఒకే సినిమా పోస్టర్‌ను గంటసేపు కదలకుండా నిలబెట్టి పాటల జ్యూక్‌బాక్స్ వినిపించడం తెలుగు ఆడియో కంపెనీలకు మామూలే. ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టి వినేవాళ్లకు ఆ పోస్టర్‌తో పనేముంది?

నీల్ యంగ్ 2009లో తన పాత పాటలను పది బ్లూ-రే డిస్కుల్లో, 24 బిట్ల 1,92,000 శాంపిళ్లతో విడుదల చేశాడు. లేఖలు, ఫొటోలు, ఫిల్ములు అందులో బోలెడు. కానీ పాట సాగుతున్నంతసేపూ తెర మీద చాలాసార్లు కనిపించేది తిరుగుతున్న గ్రామఫోన్ పళ్లెమో, టేప్ రికార్డరో. కాసేపు చూసి టీవీ కట్టేసినా పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, పాట సాగుతూనే ఉంటుంది.