నక్షత్రముల వెనుకనున్న గణితము

ఒక భోజనశాలను గూర్చి అంతర్జాలమున అభిప్రాయములు వ్రాసినవారు ఇచ్చిన మార్కుల సగటు 3.24 అయినచో, యెల్ప్ అను అమెరికా సంస్థ దానిని మూడు నక్షత్రములుగా చూపుచుండెను, సగటు 3.25కు చేరెనా, మూడున్నరగా చూపుచుండెను. ఇట్టి రెండు హోటళ్ల వంటలో చెప్పుకొనదగిన భేదము లేదు, వడ్డనలో లేదు. ఉన్నదంతయు లెక్కను దగ్గఱి అరనక్షత్రమునకు సవరించుటలోనే యున్నది. ఈ చిన్న గీతను ఆధారము చేసికొని నాడు హార్వర్డ్ బిజినెస్ స్కూలున ఆచార్యుడైన మైకేల్ లూకా, సియాటిల్ నగరపు భోజనశాలల ఆదాయపు లెక్కలను దగ్గఱ పెట్టుకొని పరిశీలించి, ఒక్క నక్షత్రము హెచ్చినచో రాబడి 5 నుండి 9 శాతము వఱకు హెచ్చునని 2011లో తేల్చెను. అయితే ఊరూర శాఖలున్న పెద్ద సంస్థలయెడ ఈ ప్రభావము కానరాలేదు. వానిని గూర్చి జనులకు ముందే ఒక అభిప్రాయము స్థిరపడియుండును గదా! నక్షత్రములవలన బాగుపడువాడును చితికిపోవువాడును చిన్నహోటలు యజమానియే.

మఱి ఆ సగటైనను నిష్పక్షపాతముగా ఏర్పడునా? లెవ్ మచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ అను ముగ్గురు పరిశోధకులు, పాఠకులు వార్తలను పంచుకొను ఒక జాలస్థలమున ఐదునెలలపాటు ప్రయోగము సలిపి, దాని ఫలితములను 2013లో 'సైన్స్' పత్రికయందు ప్రకటించిరి. వారు 1,01,281 వ్యాఖ్యలను తీసికొని, యాదృచ్ఛికముగా కొన్నింటికి పుట్టగనే ఒక మెచ్చుకోలు ఓటును, కొన్నింటికి ఒక వ్యతిరేకపు ఓటును వేసి, తక్కినవానిని ముట్టక విడిచిరి. ఆ ఒక్క మెచ్చుకోలును చూచిన తొలి పాఠకుడు తానును మెచ్చుకొను అవకాశము 32 శాతము పెరిగెను. తుదకు ఆ వ్యాఖ్యలకు వచ్చిన మార్కులు సగటున 25 శాతము అధికమయ్యెను. దీనినే మనవారు గొఱ్ఱెదాటు అందురు. వింత యేమనగా, వ్యతిరేకపు ఓటు పడినచోట ఇట్లు జరుగలేదు. వెనుక వచ్చినవారు దానిని సరిదిద్దిరి. పొగడ్త పొగడ్తను పిలిచెను, తెగడ్తకు మాత్రము ఎవరో ఒకరు అడ్డుపడిరి.

దొంగపొగడ్తల వ్యాపారమునకు మూలబలము ఇదియే. దుకాణము తెఱచిన మొదటివారమున బంధుమిత్రులచేతనో, కూలి వ్రాతగాండ్రచేతనో వ్రాయించిన నాలుగు వాక్యములు, పిదప వచ్చు నిజమైన గిరాకుల చేతిని సైతము ఒకింత ప్రక్కకు నెట్టును. మన దేశమున భారతీయ ప్రమాణముల సంస్థ ఇట్టి సమీక్షలను సేకరించి ప్రకటించు పద్ధతులపై 2022లో ఐఎస్ 19000 అను ప్రమాణమును వెలువరించినది గాని, దానిని నాడు ఐచ్ఛికముగనే ఉంచినది.

పొగడ్తను కొనలేనివారు తెగడ్తను తుడిచివేయ జూతురు. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 2003లో చేసినది ఇంచుమించు ఇదియే. కాలిఫోర్నియా సముద్రతీరపు కోతను నమోదు చేయుటకై తీసిన 12,000 ఛాయాచిత్రములలో ఒకదానియందు తన భవనము కనబడుచున్నదని ఆమె 5 కోట్ల డాలర్లకు దావా వేసెను. అంతవఱకు ఆ చిత్రమును దింపుకొన్నవి ఆఱుసార్లు. అందు రెండు ఆమె న్యాయవాదులవే! దావా సంగతి పొక్కగనే ఒక్క నెలలో 4,20,000కు పైగా జనులు ఆ చిత్రమున్న జాలస్థలమును దర్శించిరి. దావా కొట్టివేయబడెను, ఊరికి చాటింపు మాత్రము మిగిలెను.

నిందకు బదులు చెప్పుట మేలని చూపు ఆధారము కలదు. డేవిడ్ ప్రొసెర్పియో, జార్జియోస్ జర్వాస్ అనువారు టెక్సాస్ రాష్ట్రపు హోటళ్ల సమీక్షలను శోధించి, యాజమాన్యము ప్రత్యుత్తరములు వ్రాయ మొదలుపెట్టిన పిదప సమీక్షల సంఖ్య 12 శాతము, మార్కు 0.12 నక్షత్రము పెరిగెనని 2017లో ప్రకటించిరి. అవతలివాడు చదివి జవాబు చెప్పునని తెలిసినచోట చిల్లర నిందలు తగ్గెను. నిజముగా నొచ్చినవారు మాత్రము మునుపటికంటె దీర్ఘముగా వ్రాసిరి. ప్రతిష్ఠను చక్కదిద్దెదమని రుసుము పుచ్చుకొను సంస్థలకు ఈ ఫలితము అంతగా రుచింపదు. ఏలయన యజమాని రాత్రి గల్లాపెట్టె మూసిన పిమ్మట ఒక అరగంట కూర్చుండి, తన పేరుతో తానే జవాబు వ్రాసికొనుటకు వారితో పనిలేదు.