గంజిని తినునది, నూలును తినునది

గంజి పెట్టనిదే పడుగు మగ్గమెక్కదు. ఆ గంజి వదలనిదే గుడ్డకు రంగు సమముగా పట్టదు. దానిని వదలించుటకు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానవేయుట పాత పద్ధతి. ఆ నీటిలో పెరుగు సూక్ష్మజీవులు విడుచు అమైలేజు అను ఎంజైమే గంజిని కరిగించును. 1833లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు పాయెన్, పెర్సో దీనిని మొలకెత్తిన బార్లీ నుండి తీసిరి.

చిత్రమేమనగా, గంజీ నూలూ కూడ గ్లూకోజు గొలుసులే. లంకె వేసిన తీరే వేరు. అమైలేజు గంజి లంకెనే తెంచును, నూలు జోలికి పోదు. నూలును తెంచునది సెల్యులేజు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సాలమన్ దీవులలో అమెరికా సైనికుల నూలు గుడారములను చివికించిన బూజులో ఇది దండిగా దొరికినది. ఆ బూజు చేయు ముఖ్యమైన సెల్యులేజులకు రెండు భాగములు: ఒకటి పోగును అంటిపట్టుకొనును, రెండవది తెంచును. ఒక చేత పోగు పట్టి మరొక చేత కత్తెర వేయుట మనకు కొత్తా? పట్టుకొను భాగమును తీసివేసినచో గట్టి నూలుపై తెంపుడు మందగించును.

కనుక పొట్లము కొనునప్పుడు పేరు అడుగవలెను. నూగు తీసి నునుపు చేయుటకని అమ్మునది సెల్యులేజు. మోతాదు గాని కాలము గాని మించినచో గుడ్డ బలము పోవును, ఆ నష్టము మనదే. అమైలేజునైనను పొట్లముపై చెప్పిన వేడికి మించి కాచరాదు. రంగుతొట్టిలో దింపబోవు ముందు గుడ్డపై మూడు నాలుగు చోట్ల అయోడిను చుక్క వేసి చూడుడు. నీలము తిరిగినచో గంజి మిగిలియున్నట్లే.